నూకాలు చూపుడు వేలు

ఏం చూశావు?

ఏడుపు ఆపి ముందు అది చెప్పు అమ్మడూ. సాయంత్రం పెరట్లో మన గుమ్మడి పాదు దగ్గర నువ్వు ఏం చూశావు? విన్నది వద్దు. కంటితో చూసింది చెప్పు.

పిందె రాలి కింద పడింది. సరే, అది చూశావు. పసుపుపచ్చగా అయిపోయి, మెత్తబడి, చీమలు పట్టి ఉంది. అదీ చూశావు. బాగుంది. "గంగ వేలు పెట్టి చూపించింది, అందుకే రాలింది." ఇదెక్కడ చూశావు? గంగ వేలులోంచి పురుగేమైనా వచ్చి పిందెని కొరికిందా? నిప్పురవ్వ వచ్చిందా? రాలేదుగా? మరి మనకి పాలు తెచ్చే ఆ పసిదాన్ని పట్టుకుని, "నీది చెడ్డ వేలు, మా పెరట్లోకి రాకు" అని అరిచావే, ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు?

ఇలా రా. దుప్పట్లోకి రా. నీ కాళ్ళు చల్లగా ఉన్నాయి, నా కాళ్ళ మధ్య పెట్టు. నాకు కోపంగానే ఉంది, లేదని ఎందుకు చెప్పాలి? కోపంగా ఉన్నా కథ చెప్పగలను. ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టడం మానేస్తే నేనూ మానేస్తాను.

అనగా అనగా, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఒక ఊళ్ళో, అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడది తాటాకుల ఇల్లు. ఇంటి వెనక చిన్న పెరడు. ఆవిడకి పైడమ్మ అని ఒక్కతే కూతురు.

ఒకరోజు ఆ ఇంటికి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్ల పేరు నూకాలు. అచ్చియ్యమ్మకి తమ్ముడి కూతురు. నూకాలుకి తల్లి పోయింది. తండ్రి ఉప్పు మళ్ళలో కూలి చేసేవాడు. ఆ మళ్ళ గట్టు మీదే అతని పడక. అక్కడ చెట్టు నీడ లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. ఎటు చూసినా ఉప్పు. అరికాళ్ళు పగిలి నెత్తురు కారే ఉప్పు. ఆడపిల్లని అక్కడ ఎలా పెట్టుకుంటాడు? అందుకని అక్క గుమ్మంలో వదిలి, "చూసుకో అక్కా" అని ఒక్క మాట అన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. చూస్తే వెళ్ళలేడని.

నూకాలు చంకలో చిన్న బట్టల మూట ఉంది. మూట విప్పితే, లోపల తల్లి పాత చీర చెంగు ముక్క. ఆ ముక్కలో గట్టిగా ముడేసిన గుమ్మడి గింజలు. పురుగు పట్టకుండా బూడిదలో పొర్లించి ఎండబెట్టిన గింజలు.

"ఏంటే అది?" అంది అచ్చియ్యమ్మ.

"మా అమ్మ దాచిన గింజలు అత్తా."

"ఈ ఊళ్ళో గుమ్మడి గింజలకి కరువొచ్చిందనుకున్నావా?" అని అచ్చియ్యమ్మ మూతి తిప్పింది. మూతి తిప్పుతూనే పెరట్లోకి నడిచి, పెంటదిబ్బ పక్కన మంచి జాగా చూపించింది. ఆవిడ నోరు కటువు, మనసు కాదు. అలాంటివాళ్ళు ఉంటారులే. నవ్వకు, నా సంగతి కాదు నేను చెప్పేది.

అప్పుడు నూకాలు గొయ్యి తవ్వింది. చివికిన పెంట, పొయ్యిలో బూడిద, మెత్తటి మట్టి కలిపి గొయ్యి నింపింది. వేలితో చిన్న గుంటలు చేసి గింజలు పెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ తెచ్చి పోసింది. ఆ తర్వాత మొలక వచ్చింది. గింజ పెంకుని టోపీలా నెత్తిన పెట్టుకుని వచ్చింది. టోపీ ఊడిపోయి రెండు ఆకులు విచ్చుకున్నాయి.

గుమ్మడి తీగ సంగతి నీకు తెలుసుగా. దానికి సిగ్గు లేదు. జాగా ఇస్తే కూర్చోదు, పాకుతుంది. దడి మీద పాకింది. దండెం మీద ఆరేసిన అచ్చియ్యమ్మ చీరని పట్టుకుంది. నూకాలు ఒక వెదురు కర్ర ఆనించి, "ఇటు రా తల్లీ, అత్త తిడుతుంది" అని చూరు మీదికి ఎక్కించింది. ఆకులకి ఎర్ర పెంకు పురుగులు పట్టాయి. పొద్దున్నే మంచు తడి ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లింది. పురుగులు పోయాయి. తీగ ఇంటి కప్పంతా అల్లుకుంది.

ఆ తర్వాత ధనుర్మాసం వచ్చింది. తీగ నిండా పువ్వులు విచ్చాయి. గిన్నెలంత పచ్చటి పువ్వులు.

పైడమ్మకి పండగే పండగ. ఆ నెలంతా ఆడపిల్లలు వాకిట్లో ముగ్గేసి, ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి, ఒక్కో గొబ్బెమ్మ నెత్తిన ఒక్కో గుమ్మడి పువ్వు పెడతారు. ఊళ్ళో పిల్లలందరికీ పోటీ, ఎవరి వాకిట్లో ఎక్కువ గొబ్బెమ్మలని. పైడమ్మ ఇంకా చీకటి ఉండగానే లేచేది. విచ్చీ విచ్చని పువ్వులు కోసేది. గంప నిండాక గానీ చూరు దిగేది కాదు.

అలాగని పైడమ్మ ఏమీ తెలియని పిల్ల కాదు. వెనక గోలీకాయంత పిందె ఉన్న పువ్వు కోయకూడదని వాళ్ళమ్మ నేర్పింది. పిందె లేని పువ్వు ఉత్తి పువ్వు, అది కోయొచ్చని చెప్పింది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. పైడమ్మ ఆ మాట ఎంత శ్రద్ధగా పాటించేదంటే, పిందె పువ్వు ఒక్కటి కూడా ముట్టేది కాదు, ఉత్తి పువ్వు ఒక్కటి కూడా వదిలేది కాదు.

ఈ ముక్క గుర్తు పెట్టుకో.

ఒక పొద్దున చూరు అంచున మొదటి పిందె కనబడింది. నూకాలుకి ప్రాణం లేచి వచ్చింది. "అత్తా, అదిగో! మా అమ్మ కాయ!" అని వేలు చాచి చూపించింది.

పైడమ్మ కెవ్వుమంది. అచ్చియ్యమ్మ చేతిలో చేట వదిలేసింది. ఆ ఊళ్ళో పిందెని ఎవరూ వేలు చాచి చూపించరు. చూపుడు వేలు మడిచి, కణుపుతో చూపిస్తారు. చాచిన వేలు తగిలితే పిందె కుళ్ళి రాలిపోతుందని వాళ్ళ నమ్మకం. నూకాలుకీ ఆ సంగతి తెలుసు. సంతోషంలో మరిచిపోయింది.

ఆ రోజే, ఆ పిందెనే, మునసబుగారి భార్య రంగనాయకమ్మ దడి అవతల నిలబడి ఉంగరాల వేలు చాచి, "ఆ కాసింది ఏ పాదే అచ్చియ్యమ్మా?" అని అడిగింది. ఆ వేలు ఎవరికీ కనబడలేదు. ఎందుకు కనబడలేదంటావు? ఊఁ కొట్టడం కాదు, ఆలోచించు.

మూడోనాటికి పిందె పసుపుబారి రాలింది. "ఇంకేముంది, నూకాలు వేలు తగిలింది" అన్నారు వీధిలో.

అప్పుడు రెండో పిందె వచ్చింది. నూకాలు తన చూపుడు వేలికి పాత గుడ్డ చుట్టి, గట్టిగా ముడేసుకుంది. ఆ వేలితోనే అన్నం కలిపింది, ఆ వేలితోనే అంట్లు తోమింది, గుడ్డ మాత్రం విప్పలేదు. అయినా రెండో పిందె రాలింది.

"గుడ్డలోంచి చూపించి ఉంటుంది" అంది ఒకావిడ.

"మనసులో చూపించి ఉంటుంది. ఇలాంటి పిల్లలకి మనసులో కూడా వేళ్ళుంటాయి" అంది ఇంకొకావిడ.

నవ్వొస్తోంది కదూ? ఆ పిల్లకి రాలేదు.

ఆ తర్వాత మూడో పిందె వచ్చింది. ఈసారి అచ్చియ్యమ్మ నూకాలుని పెరట్లోకే రానివ్వలేదు. వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. నీళ్ళు తనే పోసింది. బూడిద తనే చల్లింది. పిల్ల పెరటి మొహం చూడలేదు. అయినా మూడో పిందె రాలింది.

అలాంటప్పుడు ఎవరైనా ఏమనుకోవాలి? పిల్ల చూడను కూడా లేదు, పిందె రాలింది, అయితే తప్పు పిల్లది కాదు అనుకోవాలి. అనుకున్నారా? అనుకోలేదు! ఆడవాళ్ళంతా కలిసి అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"మా సొర పాదులున్నాయి, మా బీర పాదులున్నాయి. రేపు వాటి మీద పడితే ఎవరు దిక్కు? ఈ పిల్లని ఎక్కడికైనా పంపెయ్" అన్నారు.

అచ్చియ్యమ్మ అంతమందికి ఏం చెప్పగలదు? వాళ్ళతోనే మంచినీళ్ళకి వెళ్ళాలి, వాళ్ళ దగ్గరే నిప్పు తెచ్చుకోవాలి. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, పిల్ల వైపు చూడకుండా అంది. "నూకాలూ, ఇంకొక్క పిందె రాలిందంటే మీ నాన్న దగ్గరికి పంపేస్తాను."

ఉప్పు మళ్ళకి. నీడ లేని చోటికి. నూకాలు గుడ్డ చుట్టిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది.

ఊఁ అను. నిద్ర వచ్చిందా? రాలేదుగా? విను మరి.

ఆ మర్నాడే అచ్చియ్యమ్మ మరిది ఇంట్లో పసిపాప పుట్టింది. కబురు రాగానే అందరికీ సంతోషం, పైడమ్మకి మాత్రం ఏడుపు. ఎందుకంటే పాప పుడితే పురుడు. పురుడు వెళ్ళేదాకా ఆ ఇంటిపేరు వాళ్ళెవరూ గొబ్బెమ్మలు పెట్టకూడదు. "ఆ పాప ఇప్పుడే పుట్టాలా? పండగయ్యాక పుడితే ఏం పోయింది?" అని పైడమ్మ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చింది.

గొబ్బెమ్మలు లేవు. కాబట్టి పువ్వులు కోయడం లేదు. పువ్వులన్నీ తీగ మీదే ఉండిపోయాయి.

తెల్లారింది. ఎండ చూరు మీదికి వచ్చింది. నూకాలు ఎవరూ లేనప్పుడు వచ్చి, నూతి గట్టు ఎక్కి చూరు వైపు చూసింది. ఇంటికప్పు మీద జుయ్యిమని ఒకటే మోత. తేనెటీగలు! ఇన్నాళ్ళూ అవి వచ్చేసరికి పిందె పువ్వులు తప్ప ఏమీ ఉండేవి కాదు. ఇప్పుడు ఉత్తి పువ్వులున్నాయి, వాటి నడుమ మెత్తటి పచ్చటి పుప్పొడి ఉంది. ఒక తేనెటీగ ఉత్తి పువ్వులో దూరింది. పొర్లింది. పేరంటానికి వెళ్ళొచ్చిన ముత్తైదువలా ఒంటి నిండా పసుపు పూసుకుని బయటికి వచ్చింది. వచ్చి నేరుగా పిందె పువ్వులోకి వెళ్ళింది. కాసేపు తిరిగింది. బయటికి వచ్చేసరికి ఆ పసుపు సగం లేదు.

నూకాలు కదలకుండా చూసింది. ఆ పసుపు ఎక్కడిది? ఉత్తి పువ్వుది. ఎక్కడ వదిలింది? పిందె పువ్వులో.

ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకి. చూసింది, అంతే. అప్పటిదాకా ఊరంతా ఆ పిల్ల వేలినే చూసింది. పాదుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పువ్వు వాడింది. కానీ ఈసారి పిందె పసుపుబారలేదు. నున్నగా, పచ్చగా, మెరుస్తూ ఉంది. తొడిమ లావెక్కింది. కోడిగుడ్డంత అయింది.

"పురిటి పాప అదృష్టం" అంది పక్కింటావిడ. చూశావా? రాలితే నూకాలు వేలు. నిలిస్తే ఎవరిదో అదృష్టం.

ఆ తర్వాత పురుడు వెళ్ళింది. అందరూ తలంట్లు పోసుకున్నారు. మర్నాడు వేకువనే పైడమ్మ గంప పట్టుకుని పెరట్లోకి వచ్చింది. వచ్చేసరికి చూరు కింద నూకాలు రెండు చేతులూ చాపి నిలబడి ఉంది.

"తప్పుకోవే."

"వదినా, నాలుగు పువ్వులు వదిలెయ్. మిగతావన్నీ కోసుకో."

"ఉత్తి పువ్వులేగా! కాయ కాయని పువ్వులు నీకెందుకే?"

"అవి కాయవు. అవి లేకపోతే ఏవీ కాయవు."

"అమ్మా! చూడవే, చెడ్డ వేలు పిల్ల నాకే చెబుతోంది!" అని పైడమ్మ గట్టిగా అరిచింది.

అచ్చియ్యమ్మ జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. దడి అవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లేచి చూశారు. అప్పుడు నూకాలు వేలికున్న గుడ్డ విప్పింది. ఇన్నాళ్ళూ గాలి తగలక ఆ వేలు తెల్లగా, ముడతలు పడి, నీళ్ళలో నానిన వేలులా ఉంది. ఆ వేలిని బారుగా చాచి, చూరు మీద పిందెని చూపించింది.

"ఓసి నీ దుంప తెగ! దించవే చెయ్యి!" అంది అచ్చియ్యమ్మ.

"దించను అత్తా. రోజూ చూపిస్తాను. అందరి ఎదురుగానే చూపిస్తాను. పైడమ్మ వదిన నాలుగు పువ్వులు వదిలితే చాలు. అప్పటికీ రాలితే నన్ను ఎవరూ పంపక్కర్లేదు. నేనే నడిచి పోతాను."

చాచిన వేలు మాత్రం దించలేదు ఆ పిల్ల.

అచ్చియ్యమ్మ ఆ తెల్లటి వేలి వంకే చూసింది. ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, "పైడీ, నాలుగు వదిలెయ్యవే" అంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే నూకాలు పెరట్లోకి వచ్చేది. వేలు చాచి పిందెని చూపించేది. దడి అవతల జనం గుమిగూడేవాళ్ళు. "రేపటికి చూడు" అనేవాళ్ళు. రేపు వచ్చేది, పిందె ఉండేది. పిందె చెంబంత అయింది. "రేపటికి చూడు" అన్నారు. తప్పేలంత అయింది. "రేపటికి..." అని సగంలో ఆపేశారు. బిందెంత అయింది. ఇంక దడి దగ్గరికి ఎవరూ రాలేదు.

ఒక పొద్దున నూకాలు వచ్చి చూసేసరికి కాయ కింద గడ్డితో చుట్టిన మెత్తటి చుట్టకుదురు ఉంది, తాటాకు గుచ్చుకోకుండా. ఎవరు పెట్టారు? పైడమ్మని అడిగితే నేను కాదంది. అచ్చియ్యమ్మని అడిగితే, "నాకేం పని లేదనుకున్నావా?" అని కసిరింది. ఆవిడ జుట్టులో గడ్డిపోచ ఉంది.

కాయ పండింది. ఆకుపచ్చ పోయి, పసుపు పోయి, కాషాయం రంగుకి తిరిగింది. ఒకనాడు మునసబుగారి భార్య రంగనాయకమ్మ అటుగా వెళ్తూ దడి దగ్గర ఆగింది.

"అబ్బో! ఎవరిదే ఆ కాయ?"

అచ్చియ్యమ్మ చెయ్యి ఎత్తింది. చిన్నప్పటి నుంచీ మడిచి మడిచి అలవాటైన వేలు. అది దానంతటదే మడతపడింది. అప్పుడు ఆవిడ రెండో చేత్తో ఆ వేలిని పట్టుకుని, లాగి, బారుగా చాచింది. తన బతుకులో మొదటిసారి చాచిన వేలితో కాయని చూపించింది.

"అదిగో, మా నూకాలు కాయ."

ఆ తర్వాత వేలు దించి, అదే చేతిని నూకాలు నెత్తిన పెట్టింది. అంతే. పంపేయడం లేదని విడిగా చెప్పలేదు. అక్కర్లేదు కూడా.

శివరాత్రి వెళ్ళాక తండ్రి పిల్లని చూడ్డానికి వచ్చాడు. ఆ రోజే కాయ కోశారు. బెల్లం వేసి గుమ్మడికాయ పులుసు పెట్టారు. అతను ఒక ముద్ద తిని ఆగిపోయాడు. ఏమిటి నాన్నా అని నూకాలు అడిగితే, "మీ అమ్మ కాయే ఇది. అదే రుచి" అన్నాడు. అప్పుడు మళ్ళీ ఉప్పు మళ్ళకి బయలుదేరాడు. ఈసారి వీధి మలుపు దాకా వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

గింజలన్నీ నూకాలు బూడిదలో పొర్లించి ఎండబెట్టింది. ఆ చీర చెంగు ముక్కలో కొన్ని ముడేసుకుంది. మిగతావి వీధిలో ఇంటింటికీ పంచింది. మనసులో వేళ్ళుంటాయన్నావిడకి కూడా ఇచ్చింది. ఇస్తూ అందరికీ ఒక్కటే మాట చెప్పింది. "గొబ్బెమ్మలు పెట్టుకోండి. నాలుగు పువ్వులు తేనెటీగకి వదలండి."

అదీ కథ.

ఇన్ని పొద్దుల నుంచీ మన పాదు మీద ఉత్తి పువ్వులు ఎవరు కోశారో నేను అడగలేదు. నీ బొమ్మల పెళ్ళి పందిరి చూశాను. పచ్చగా, గుమ్మడి పూల దండలతో ఎంత ముచ్చటగా ఉందో! దాని మీద నాకు కోపం లేదు అమ్మడూ. నీకు తెలియదు, కోశావు. తీగకి మళ్ళీ పువ్వులొస్తాయి, మళ్ళీ పిందెలొస్తాయి. తెలియక పోయిన పిందె గురించి నేనెప్పుడూ ఎవరినీ తిట్టలేదు. ఎదురు చెప్పలేని పిల్లని చూసి తప్పంతా దాని నెత్తిన పెట్టావే, అక్కడే నాకు కడుపు మండింది. అలా నెత్తిన పెట్టించుకుని, నోరు మూసుకుని బతికినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ముక్కు తుడుచుకో. ఇదిగో నా కొంగు.

కథ నడిచింది కంచికి,
తీగ పాకింది పంచకి,
కాయ కూర్చుంది కంచెకి,
నిద్ర వచ్చింది మంచానికి!

ఆగు, ఇంకా కళ్ళు మూసుకోకు. పొద్దున్నే గంగ పాలచెంబు పట్టుకుని మన దడి దగ్గరికి వస్తుంది. రోజూలా లోపలికి రాదు. చూపుడు వేలు పిడికిట్లో దాచుకుని బయటే నిలబడుతుంది. అప్పుడు నువ్వు ఆ పిల్లతో ఏమంటావు?